కూర్మారావు చేతులు

ఓడల్లో దిగే పరదేశపు గోనె సంచి మన సంచి కన్నా చవకైతే మన మిల్లు ఎందుకు మూయాలో కూర్మారావుకి ఎవరూ తెలిసేటట్టు చెప్పలేదు. చెప్పినవాళ్ళు లేకపోలేదు. యూనియన్ ఆఫీసులో చెప్పారు. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన అధికారి మైకు పట్టుకుని చెప్పాడు. టీ దుకాణం దగ్గర పేపరు చదివే ప్రతివాడూ చెప్పాడు. వాళ్ళు చెబుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉండేది. ఇంటికొచ్చి పెళ్ళాం గున్నమ్మకి చెబుదామని నోరు తెరిచేసరికి అంతా కలగాపులగమైపోయేది. మనం బాగా నెయ్యలేదా ఏమిటని ఆవిడ అడిగితే అతను కండువా దులుపుకుని బయటికి పోయేవాడు. దేవుపేట జూట్ మిల్లులో ఇరవై ఏళ్ళకి పైగా మగ్గం నడిపిన మనిషి. అతను నేసిన గోనెలోంచి ధాన్యం గింజ జారిందని ఎవరూ అనగా వినలేదు. అయినా మిల్లు మూసేశారు, అతను బజారున పడ్డాడు.

కొన్నాళ్ళకి ప్రభుత్వ సహాయం వచ్చింది. దిగుమతుల దెబ్బకి పని పోయిన కార్మికులకి మాత్రమే వర్తించే పథకం. దాని పేరు బోర్డు మీద రెండు వరుసలు పట్టింది గనక మిల్లు లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరసల్లో, అందరూ దాన్ని ‘కొత్త చేతులు’ అనేశారు. శిక్షణ అయ్యేదాకా నెలనెలా భత్యం, అయ్యాక విశాఖ దారిలో కొత్తగా పెట్టిన కటకాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. శుక్లాల ఆపరేషన్ చేసినప్పుడు కంట్లో పెడతారే, ఆ బుల్లి కటకాలు. గోనెలు నేసినవాళ్ళ చేత కంటి కటకాలు పట్టించాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో గాని, దాని సంగతి మొదట్లోనే తేలిపోయింది.

శిక్షణ గదిలో కూర్మారావు పట్టకారుతో కటకాన్ని పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వరండాలో ఎవరో ఇనుప బల్ల ఈడ్చారు. అంతే, అతని కుడి చేయి తెగిన దారాన్ని అందుకోవడానికి లేచిపోయింది, ఎడమ చేయి అక్కడ లేని మీటని లాగింది, కటకం ఎక్కడికి ఎగిరిందో ఎవరికీ దొరకలేదు. అతనొక్కడే కాదు, ఆ గదిలో ఉన్న నేతగాళ్ళందరి చేతులూ ఒక్కసారే లేచాయి. నేర్పడానికి వచ్చిన అమ్మాయి హడలిపోయి గోడకి అంటుకుపోయింది.

అప్పుడు దిగింది డాక్టర్ హైమవతి. విశాఖలో కొండవాలున ఉన్న ప్రయోగశాల ఆవిడది. మోచేతుల దాకా వచ్చే రెండు తొడుగులు, తలకి ఒక టోపీ, వాటి నుంచి ఒక యంత్రానికి పోయే తీగలు వెంట తెచ్చింది. పథకం గురించి ఇంతమంది ఇన్ని చెప్పినా తలకెక్కని కూర్మారావుకి ఆవిడ చెప్పినది మాత్రం చటుక్కున అర్థమైంది.

“మీ చేతుల్లో మగ్గం ఇంకా ఆడుతోందండీ. అది దిగితే గాని ఇంకోటి ఎక్కదు,” అంది ఆవిడ.

తొడుగులు వేసుకుని కొన్నాళ్ళు మగ్గం నడపాలి. చేతులకి తెలిసినదంతా తొడుగు నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక చేతుల్లోంచి దాన్ని తీసేస్తుంది. నకలు తీసుకుని అసలు వదిలేయడం కాదు, అసలునే పట్టుకుపోవడం. పట్టుకుపోయినది ఏమవుతుందని ఎవరూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆవిడ మాత్రం వాళ్ళని ఒకటి అడిగింది, అదీ రెండుసార్లు. మగ్గం దగ్గర ఉన్నప్పుడు మీ చేతులు నేత కాకుండా ఇంకేమైనా చేస్తాయా? చేస్తే ముందే చెప్పండి, దాన్ని పక్కకి తప్పిస్తాం, లేకపోతే నేతతో పాటు అదీ పోతుంది, అంది.

చేసేవి. నేత షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకని నేతగాళ్ళు చేతులతో మాట్లాడుకునేవారు. మీసం మెలేస్తే పని అజమాయిషీ చేసే సర్దారు వస్తున్నాడని. పిడికిలి నోటి దగ్గర తిప్పితే తిన్నావా అని. అలా మొదలై తాతల నాటి నుంచి పెరిగి పెరిగి, పెళ్ళి సంబంధాలు, ఎన్నికల కబుర్లు, పక్కవాడి మీద చాడీలు, అన్నీ చేతుల్లోనే నడిచిపోయేవి. యాజమాన్యానికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. చేతులు ఊసులాడుతుంటే మగ్గాన్ని చూసేదెవరని జరిమానా వేసేవారు, రెండోసారి దొరికితే ఇంటికి పంపేవారు. అందుకని షెడ్డులో అడుగుపెట్టిన ప్రతి కొత్తవాడికీ మగ్గం కంటే ముందు ఒక సంగతి నేర్పేవారు. ఆఫీసు మనుషులు అడిగితే మన చేతులు పని తప్ప ఇంకేమీ ఎరగవు.

హైమవతి అడిగేసరికి ముందు వరసలోంచి నేతగాళ్ళలో పెద్దవాడైన అప్పలసూరి లేచాడు. “ఏటీ సెయ్యవు మేడమ్. పనే సేస్తాయి,” అన్నాడు. జరిమానా వేసే మిల్లూ లేదు, ఇంటికి పంపే మేనేజరూ లేడు. అయినా తరాల అలవాటు అంత తేలిగ్గా వదలదు కదా. అప్పలసూరి వెనక ఒక్కొక్కరే లేచి అదే మాట అన్నారు. కూర్మారావు వంతు వచ్చింది. అతని నోరు కూడా అతన్ని అడక్కుండానే, పనే చేస్తాయని అనేసి కూర్చుంది.

మిగతావాళ్ళకి అదొక చిన్న అబద్ధం. కూర్మారావు సంగతి వేరు. అతని కూతురు దమయంతి పుట్టుచెవిటిది.

పద్నాలుగేళ్ళు వచ్చాయి ఆ పిల్లకి. బడిలో వెనక బెంచీ మీద కూర్చుని అక్షరాలు బొమ్మల్లా గీయడం నేర్చుకుంది గాని ఆ గీసినది ఏమంటుందో చెప్పినవాళ్ళు లేరు. ఆ పిల్లకి మాటలొచ్చింది తండ్రి చేతుల్లోంచి. నడక రాకముందే, అతను మిల్లు నుంచి వచ్చి అలవాటుగా ఆడించే వేళ్ళని చూసి తనూ ఆడించింది. చిటికెన వేలితో బుగ్గ మీద చుక్క పెడితే అది దమయంతి పేరు, సొట్టబుగ్గ పిల్ల గనక. ఇద్దరూ కూర్చున్నారంటే ఇక లోకం అక్కర్లేదు. మిల్లు ముఖం చూడని గున్నమ్మకి అన్నం, నీళ్ళు, రా, పడుకో, ఈ నాలుగు మాటలే వచ్చు. నా ముందే నా మీద చాడీలు చెప్పుకుంటారని ఆవిడ మూతి ముడిచేది. ఆ అనుమానంలో కొంత నిజం లేకపోలేదు.

మరి అంత ముద్దు కూతురి మాట పోతుందని కూర్మారావుకి ఎందుకు తోచలేదు? షెడ్డులో చేతులాడించడం అతని లెక్కలో దొంగతనంగా చేసే పని. ఇంట్లో కూతురితో ఆడించేది మాట. రెండూ ఒకటేనని ఆ క్షణాన అతని బుర్రకి తట్టనే లేదు.

ప్రయోగశాలలో ఒక గదిలో మిల్లు నుంచి తెచ్చిన మగ్గం బిగించారు. కూర్మారావు తొడుగులు, టోపీ వేసుకుని ఒంటరిగా నేశాడు. చుట్టూ మిగతా మగ్గాల మోత లేకపోయేసరికి తన మగ్గం అరుపు అతనికే వింతగా వినిపించింది. చుట్టూ మనిషన్నవాడు లేడు, తలుపవతల హైమవతి తప్ప. ఏవేవో ఆలోచనలు వచ్చేవి, చేతులు వాటి దారిన అవి ఆడేవి. ఒక ఉదయం ఆవిడ వచ్చి మగ్గం ఆపించి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి యంత్రం మీట తిప్పింది. నొప్పి లేదు. రెండు చేతులూ చల్లబడ్డాయి. లేచాక మగ్గం ముందుకి తీసుకెళ్ళి దారం తెంపి చూపించారు. తెగింది కాబోలు అనుకున్నాడు గాని చేతులు కదలలేదు. ఇన్నేళ్ళు తనకి అన్నం పెట్టిన యంత్రాన్ని ఎవరింటి సామానో చూసినట్టు చూసి, అతను బస్సెక్కి ఇంటికి వచ్చాడు.

గుమ్మంలో దమయంతి ఎదురొచ్చి వేళ్ళు ఆడించింది.

ఆ వేళ్ళు ఏదో అంటున్నాయని తెలుస్తోంది. ఏమంటున్నాయో తెలియడం లేదు. బాగా ఎరిగిన మనిషి పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతుందే, అలా ఉంది. జవాబివ్వాలని చేతులెత్తాడు. ఎత్తినవి ఎత్తినట్టే గాలిలో నిలబడ్డాయి. ఎందుకెత్తాడో కూడా మర్చిపోయి దించేసుకున్నాడు. దమయంతి తండ్రి ఆట పట్టిస్తున్నాడనుకుని నవ్వింది. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేటప్పటికి నవ్వు పోయింది.

మొదట్లో గున్నమ్మ ఎకసెక్కం ఆడింది. “ఈయేల ఊసులు నేవేటి అయ్యాకూతుళ్ళకి? నామీద సెప్పుకోడానికేటీ మిగల్నేదా?” అంది. రెండు రోజులు పోయాక ఆవిడా ఎకసెక్కం మానేసింది. పిల్ల తండ్రి తన మీద కోపంగా ఉన్నాడనుకుంటోంది. అడక్కుండానే నీళ్ళు తెచ్చి ఇస్తోంది, చెప్పులు తుడిచి పెడుతోంది, పెట్టి అతని చేతుల వైపు చూస్తోంది. ఆ చూపు కూర్మారావు భరించలేకపోయాడు. కోపం కాదమ్మడూ అని నోటితో గట్టిగా అరిచాడు కూడా. అరిచిన ముఖం చూసి ఆ పిల్ల మరింత బెదిరిపోయింది.

అతను కూతురి చెయ్యి పట్టుకుని అప్పలసూరి ఇంటికి తీసుకెళ్ళాడు. అప్పలసూరి కూడా దమయంతి చేతులకేసి వెర్రిచూపు చూశాడు. తక్కువ మాటకారి కాదు ఆయన, షెడ్డులో ఆయన చెయ్యి పట్టుకుంటే గాని ఊసు ఆగేది కాదు. ఆ వీధంతా అంతే. ఇదివరకు అరుగుల మీంచి చేతులతో పలకరించినవాళ్ళంతా ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని నోటితో, ఏం పిల్లా అంటున్నారు. పథకం వద్దనుకున్న నేతగాళ్ళు ఎప్పుడో కలకత్తా మిల్లులకి సకుటుంబంగా వెళ్ళిపోయారు. మిల్లు లైన్లలో ఆ చేతుల మాట ఎరిగిన మనిషి ఆ పిల్ల ఒక్కతే మిగిలింది.

మళ్ళీ నేర్చుకుందామనుకున్నాడు కూర్మారావు. చెంబు చూపించాడు. దమయంతి నీళ్ళకి వేళ్ళు పెట్టి చూపించింది. అతను పెట్టాడు. పిల్ల సంబరపడి చాప, పొయ్యి, కాకి, అన్నీ వరసగా నేర్పింది. పొద్దున్న లేచేసరికి నేర్చుకున్నట్టు జ్ఞాపకముంది, చేతులకి మాత్రం ఏదీ లేదు. తీసేసిన చోట ఇంకేదైనా నిలుస్తుంది గాని తీసినదాన్నే మళ్ళీ నేర్చుకుంటే నిలవదని అతనికెవరూ చెప్పలేదు. మొద్దుబారింది తన బుర్రే అనుకున్నాడు. ఓపిక పట్టి పిల్ల మళ్ళీ మళ్ళీ నేర్పింది. చివరికి ఒక రోజు నీళ్ళు కావాలని అతను చెంబు చూపిస్తే, చెంబు అందించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆ పిల్ల వేళ్ళు ఆడించగా ఎవరూ చూడలేదు.

ఇంత జరుగుతున్నా ఫ్యాక్టరీలో అతనికి మంచి పేరొచ్చింది. చేతులు అద్దం మీద నీటిబొట్టులా నిలకడగా ఉండేవి. సూపర్‌వైజరు కొత్తవాళ్ళని పిలిచి అతని చేతులు చూపించేవాడు. కూర్మారావు కూడా వాటిని చూసుకునేవాడు. ఇవి ఎవరివో మంచి చేతులు, నాకు అప్పిచ్చారు అనిపించేది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పేస్తానని అప్పలసూరితో అన్నాడు. అప్పలసూరి పట్టుకుని వదల్లేదు. అబద్ధం చెప్పామని తెలిస్తే సాయం ఆపేస్తారు, నీ ఒక్కడి ఇంటి కోసం ఇందరి నోట్లో మట్టి కొడతావా అన్నాడు. అదీ నిజమే. ఏది చేస్తే తప్పు, ఏది చేయకపోతే తప్పు అతనికి బోధపడలేదు. ఈ తర్జనభర్జనలో ఉండగా హైమవతే కబురు పెట్టింది.

ప్రయోగశాలకి వెళితే ఆవిడ తెర ముందు కూర్చోబెట్టింది. ఏదో పరదేశపు జూట్ మిల్లు. మగ్గాల ముందు మనుషులు లేరు. ప్రతి మగ్గానికీ రెండేసి ఉక్కు చేతులు. దారం తెగింది, ఉక్కు చేయి చటుక్కున అందుకుని ముడేసింది. ఆ ముడి వేసే తీరు చూసి అతను ముందుకి వంగాడు. ఆ విరుపు, ఆ ఒడుపు ఎక్కడో చూసినట్టుంది.

అవి మీ చేతులేనండీ అంది ఆవిడ. పథకానికయ్యే ఖర్చు కోసం తొడుగుల్లో చేరిన నైపుణ్యాన్ని ప్రభుత్వం అమ్మింది. కొన్నవాళ్ళు ఎవరంటే, ఏ సంచులు దిగి దేవుపేట మిల్లు మూతపడిందో ఆ సంచులు నేసేవాళ్ళే. ప్రతిగా కంపెనీ అడిగినట్టు తొడుగులో ఉన్నదంతా వాళ్ళకే అప్పగించేశారు, ఇక్కడ ఏమీ మిగల్లేదు.

“మనల్ని ముంచినోలికే మన సేతులు అమ్మీసినారా అమ్మా?” అన్నాడు కూర్మారావు.

ఆవిడ తలదించుకుంది. డబ్బులు రాకపోతే పథకమే ఉండదన్నారు, నాకప్పుడు అది సబబుగానే తోచింది, ఇప్పుడేమనుకోవాలో తెలియడం లేదు అంది. చదువుకున్న మనిషి కూడా తనలాగే తికమకపడుతుంటే అతనికి కోపం ఎవరి మీద చూపించాలో అర్థం కాలేదు.

ఆవిడ పిలిచింది అందుకు కాదు. ఆ కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. ఉక్కు చేతులు నేస్తూ నేస్తూ మధ్యలో నేతకి సంబంధం లేని కదలికలేవో చేస్తున్నాయి, దానివల్ల ఉత్పత్తి తగ్గుతోంది, అవేమిటో చెప్పండి, లేదంటే మేమే మొత్తం ఊడ్చేసుకుంటాం అన్నారు. ఆవిడ తెర మీద ఒక చోట ఆపి, మళ్ళీ నడిపించింది. ఉక్కు చేయి మగ్గం వదిలి పైకి లేచింది. మనిషి ముఖం ఉండాల్సినంత ఎత్తున, ఖాళీ గాలిలో, చిన్న వేలితో ఒక చుక్క పెట్టింది.

కూర్మారావుకి అది తెలీలేదు. కానీ మా అమ్మడు ఇలాగే చేసేది అనిపించింది. అక్కడితో ఇక దాచలేకపోయాడు. అప్పలసూరి ఏమన్నా అనుకోనీ అని మొత్తం చెప్పేశాడు.

“అవి మాటలమ్మా. మీరడిగినారు, మేం సెప్పనేదు. ఇపుడు నా కూతురితో మాటాడ్డానికి నాకు సేతులు నేవు,” అన్నాడు. అని, జనం వస్తూ పోతూ ఉండే ఆ గదిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

హైమవతి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. సాయం ఆపే మాట ఎత్తనైనా లేదు. నేతలో ఎక్కడెక్కడ మాట కలిసి ఉందో ఎవరైనా విడదీసి చూపిస్తే ఆ ముక్కలు మాత్రం తెప్పించి అతని చేతుల్లో పెట్టవచ్చునంది. తీసిన అసలునే తిరిగి పెడితే ఆ చోట నిలుస్తుంది, దాన్నే మళ్ళీ కొత్తగా నేర్పితే నిలవదు. కంపెనీ తనంతట తాను ఊడ్చేసుకుందా, ఇక చేసేదేమీ ఉండదు. విడదీయగలిగింది ఎవరు అని అడగాల్సిన పనే లేదు.

మర్నాడు దమయంతిని తీసుకొచ్చారు. గున్నమ్మ కూడా వచ్చింది. ఎందుకు తెచ్చారో పిల్లకి చెప్పే దారి లేదు, భయపడి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. తెర మీద ఉక్కు చేతులు ఆడాయి. గాలిలో చుక్క పెట్టాయి. దమయంతి కొంగు వదిలేసింది. తెర దగ్గరికి వెళ్ళి, చిటికెన వేలితో తన బుగ్గ మీద చుక్క పెట్టుకుంది. ఉక్కు చేతులు ఇంకేదో అన్నాయి. పిల్ల చకచకా బదులు చెప్పింది. ఇన్నాళ్ళుగా చచ్చుబడి ఉన్న వేళ్ళు ఒక్కసారి పరుగెత్తాయి. అవి తన మాట వినిపించుకోవడం లేదని గ్రహించేదాకా చెబుతూనే ఉంది. అప్పుడు వెనక్కి తిరిగి తండ్రిని చూసింది, తెరని చూసింది, మళ్ళీ తండ్రి ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసింది. ఏమర్థమైందో గాని దగ్గరికొచ్చి ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కూర్మారావు తల తిప్పేసుకున్నాడు. తను బతికుండగానే తన కూతురు ఎక్కడో ఉన్న తండ్రిని గుర్తుపట్టి సంబరపడటం చూడాల్సి వచ్చింది అతనికి.

మాట ఉన్న చోట గుర్తు పెట్టే మీట నొక్కడం హైమవతి ఒకసారి చేసి చూపిస్తే చాలింది. మాట వచ్చిన చోటల్లా దమయంతి మీట నొక్కింది. కొన్నిటికి నవ్వింది. ఒక చోట మాత్రం ఆగిపోయింది. ఉక్కు చేతులు ఒక పెద్ద కదలిక చేసి ముగించాయి, పిల్ల మీట మీద వేలు పెట్టి కూడా నొక్కలేదు. ఇది మాట కాదా అని హైమవతి సైగ చేసింది. దమయంతి కాదని తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత చివరిదాకా నవ్వలేదు. అలసిపోయి ఉంటుందని గున్నమ్మ అంది.

ముక్కలు వచ్చాయి. కూర్మారావు మళ్ళీ తొడుగులు వేసుకున్నాడు. ఈసారి చేతులు వెచ్చబడ్డాయి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా దమయంతి నిలబడి, పిడికిలి నోటి దగ్గర తిప్పింది. తిన్నావా అంటోంది. ఏ ప్రయాసా లేకుండా, పక్కవాడు చెవిలో చెప్పినంత తేటగా తెలిసింది. లేదన్నాడు. బుగ్గ మీద చుక్క పెట్టి పిలిచాడు. ఆ పిల్ల మీద పడి చొక్కా పట్టుకుని వదల్లేదు. అతని వేళ్ళు ఇంకా బిర్రబిగిసి, ఉక్కు చేతుల దగ్గర యాస పట్టుకొచ్చినట్టు ముక్కలుముక్కలుగా ఆడేవి. ఇంటికెళ్ళాక దమయంతి వాటిని వెక్కిరిస్తూ, అన్ని నెలల కబుర్లూ ఏకబిగిన చెప్పింది. గున్నమ్మ వచ్చి మధ్యలో కూర్చుంది.

“ఏటంతంది? నాకూ సెప్పు. ఇకనించి మీ ఊసు మీయిద్దరికాడే ఉంటే నానొప్పను,” అంది. ఆవిడ కూడా వేళ్ళు మడిచి నేర్చుకోవడం మొదలుపెట్టింది. అన్నీ తప్పులే పెట్టింది, అయినా లేవలేదు.

మగ్గం చేతుల్లోకి తిరిగి రాలేదు గనక కటకాల పనికి ఢోకా లేదు. మిగతా నేతగాళ్ళ ముక్కలు కూడా తెప్పిస్తానని హైమవతి రాసింది, అప్పలసూరి అవసరం లేదని భీష్మించుకుని, కొన్నాళ్ళకి తనే వెళ్ళి వరసలో కూర్చున్నాడు. అంతా సర్దుకుందనుకుంటున్న సమయంలో ఆవిడ కూర్మారావుని మరోసారి రమ్మంది. సెలవు రోజు కావడంతో దమయంతి కూడా వెంట వచ్చి బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది.

కంపెనీవాళ్ళకి ఇంకా ఒక కదలిక మిగిలిపోయిందట. దారం తెగినప్పుడల్లా ఉక్కు చేతులు అదొక్కటే చేస్తున్నాయి. మీ అమ్మాయి మాట కాదంది, మీరొకసారి చూడండి అని ఆవిడ తెర నడిపించింది. ఉక్కు చేతులు దారం ముడేశాయి. లేచాయి. గాలిలో చుక్క పెట్టాయి. చెవి ఉండే చోట తట్టాయి. ఆపైన ఇంకా ఆడాయి.

కూర్మారావు చదివాడు. ‘దమయంతికి వినబడితే ఈ తొడుగు నాకెందుకు. అందరిలా కలకత్తా పోయి మగ్గమే ఆడిద్దును. చెవిటిదాన్ని ఆ పరాయి ఊరు ఎలా తీసుకుపోను. ఈ పిల్ల నా కాలికి తాడు.’

ఆ మాట ఎప్పుడన్నాడో అతనికి జ్ఞాపకం లేదు. అనలేదని మాత్రం అనలేకపోయాడు. ఆ ఒంటరి గదిలో మగ్గం ముందు ఏవేవో ఆలోచనలు వచ్చాయి, అందులో ఇదీ ఒకటి. ఎవరూ చూడని చోట చేతుల్లో గొణుక్కున్నాడు. ఇప్పుడది సముద్రం అవతల ఎన్ని మగ్గాల మీద, దారం తెగిన ప్రతిసారీ, పిల్ల పేరు పెట్టి మరీ పలుకుతోందో. దాన్ని చదివి దమయంతి మీట నొక్కకుండా వదిలేసింది. వదిలేసి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు అతనికి కబుర్లు చెప్పింది.

మాటేనా అని అడిగింది హైమవతి.

“మాటేనమ్మా. నాదే. తీసి నాకు పెట్టీయండి,” అన్నాడు.

ఆ పదాలన్నీ మీకు ముందే ఉన్నాయి కదా, ఇది కంపెనీవాళ్ళు తుడిచేసుకున్నా మీకు నష్టం లేదు అంది ఆవిడ. అతను ఒప్పుకోలేదు. అన్నది తనైనప్పుడు అది తన దగ్గరే ఉండాలన్నాడు. ఇనుప చేతులు దాన్ని అంటూనే ఉండకూడదు, ఎవరో ఊడ్చేసి అనలేదనిపించనూ కూడదు. ఆవిడకి పూర్తిగా అర్థమైనట్టు లేదు గాని తొడుగులు తెచ్చింది.

బయటికొచ్చి దమయంతి పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల అతని ముఖం చూసింది. దాచడానికేమీ లేకపోయింది. నువ్వు చూశావు కదా అని అడిగాడు చేతులతో. చూశానంది.

“నిజమా?” అని అడిగింది.

“ఆ రోజు నిజమే,” అన్నాడు. అబద్ధమాడదామంటే చేతులు రాలేదు.

దమయంతి కాసేపు రోడ్డు మీద పోయే బస్సుల్ని చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది. “ఇప్పుడు?”

ఇప్పుడేమిటో కూర్మారావుకి తెలుసో లేదో. కలకత్తా మీద మనసు చచ్చిపోయిందని ఒట్టేసి చెప్పలేడు. మగ్గం నడపడమే రాని మనిషికి కలకత్తా ఎందుకన్నదీ ఒక లెక్క. ఈ పిల్ల మాటలు మానేసిన రోజులు మాత్రం మళ్ళీ రాకూడదు. వేళ్ళు తడబడుతుండగా, “ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళాలని లేదు,” అన్నాడు.

దమయంతి అతని చేతుల్ని పరీక్షగా చూసింది. నమ్మిందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. ‘లేదు’ దగ్గర అతను బొటనవేలు తప్పుగా పెట్టాడు. ఆ వేలు పట్టుకుని లోపలికి వంచి, ఇలా అనాలి, మళ్ళీ అను, అంది.

కూర్మారావు మళ్ళీ అన్నాడు.